ఎర్ర చుక్క ఎటువైపు

1988 నవంబర్ 14, సోమవారం

ఈ డైరీ తెలుగులోనే రాస్తాను. అమ్మీకి ఉర్దూ చదవడం వచ్చు, తెలుగు రాదు. నా గుట్టుకు ఇంతకంటే మంచి తాళం ఆదోనిలో దొరకదు.

మిల్లుకు ఈరోజు కంప్యూటర్ వచ్చింది. కంపెనీవాళ్లు దాన్ని ఎమ్మిగనూరు దుప్పట్లలో చుట్టి జీపులో తెచ్చారు. మా ఓనరు దేవేంద్రప్పన్న దాన్ని పత్తి కుక్కిన బోరేల పక్కనున్న రేకుల గదిలో పెట్టించాడు. కర్నూలులో కోర్సు చేసొచ్చాను కాబట్టి దాని ముందు కుర్చీ నాది. కాటా గుమాస్తా బసవన్న అప్పుడే దానికి "జమీలమ్మ టీవీ" అని పేరు పెట్టేశాడు.

టెంకాయ కొట్టారు. మూత మీద కుంకుమ పెట్టారు. అంతటితో దేవేంద్రప్పన్నకు తృప్తి కలగలేదు.

"పనిచేసేది లోపల గదప్పా? పైన బొట్టు పెడితే ఏం లాభం? మూత తీయి, లోపల పెడదాం."

కుంకుమ లోపల రాలితే మిషన్ గతి ఏమవుతుందో నాకే తెలుసు, ఇక కంపెనీ నుంచి వచ్చిన సర్వీసు మనిషికి తెలియదా? కానీ ఆయన కాదనలేదు. పేరు జమాలుద్దీన్. ఎమ్మిగనూరు మనిషి. స్క్రూలకు గుర్తు పెట్టే ఎర్ర రంగు సీసా తీసి, లోపల చింతగింజంత వెండి బిళ్ల ఒకటి ఉంటే దానిమీద చిన్న చుక్క పెట్టాడు.

"ఇదేనన్నా దీని గుండె. దీనికి పెడితే అంతటికీ పెట్టినట్టే."

"బొట్టు తూర్పుకు చూడాలప్పా."

తూర్పున గోడ. ఆయన ఆ బిళ్లను పీకి, చుక్క గోడవైపు వచ్చేటట్టు తిప్పి మళ్లీ గుచ్చాడు. ఎటు గుచ్చినా పనిచేస్తుందని నాతో మెల్లగా అన్నాడు. దాన్ని క్రిస్టల్ అంటారట. పీర్ల పండగలో డప్పులాంటిదట. డప్పు ఎంత జోరుగా కొడితే మిషన్ అంత జోరుగా ఎగురుతుంది. ఇందులో ఉన్నది పన్నెండు నంబరు డప్పు.

సాయిబు చేత బొట్టు పెట్టించుకున్న మిషన్ జిల్లాలో ఇదొక్కటే అని బసవన్న ఒకటే నవ్వు.

నవంబర్ 29

మిషన్ నత్త. పొద్దున ఎక్కించిన కాటా చీటీలు సాయంత్రానికి గానీ అచ్చు కావు. సర్వీసుకు వచ్చిన ఆయనతో ఆ మాటే అన్నాను. ఫిర్యాదుగానే అన్నాను, నా గొంతే అంత, ఏం చేయను.

ఆయన సంచిలోంచి అగ్గిపెట్టె తీశాడు. అందులో ఇంకో రెండు క్రిస్టళ్లున్నాయి. పన్నెండు పీకి పదహారు గుచ్చితే మిషన్ లేచి కూర్చుంది. పద్దెనిమిది గుచ్చితే పరుగే పరుగు! చీటీలు కళ్లముందే జరజరా వచ్చేస్తుంటే నేను చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను. తరువాత సిగ్గేసింది.

"తొందరపడొద్దు. ఇప్పుడు దీనికి పరీక్ష పెడతాం" అన్నాడు.

ఒకే గుణకారాన్ని మళ్లీ మళ్లీ చేసి, జవాబు మారిందేమో చూసుకునే ప్రోగ్రాం ఒకటి ఎక్కించాడు. మిషన్ దాని పని అది చేస్తుంటే మేం టీ తాగాం. రేకులు కాలే వేళకు తెర మీద కదులుతున్న గీత ఠక్కున నిలిచిపోయింది. ఏ మీట నొక్కినా ఉలుకూ పలుకూ లేదు.

"చూసినారా? పరుగెత్తగలదు. నిలకడ లేదు. తయారుచేసినోళ్లు పన్నెండు మైళ్లు నడువు అని చెప్పి పంపినారు, మనం పద్దెనిమిది మైళ్లు పరిగెత్తిస్తాండాం. పొద్దున చల్లగా ఉన్నప్పుడు పరిగెత్తుతాది. ఎండలో పడిపోతాది."

"పడిపోతే మళ్లీ లేపొచ్చు గదా?"

"పడిపోతే మంచిదే. అది నిజాయితీ. పడిపోకుండా నవ్వుతా తప్పు జవాబు సెప్పే మిషన్ ఉంటాది సూడండి, దానికి భయపడాల."

పన్నెండు మళ్లీ గుచ్చి, చుక్క గోడవైపు తిప్పి, మూత బిగించాడు. పోతూ పోతూ అగ్గిపెట్టె నా బల్ల మీదే మర్చిపోయాడు. పదహారు ఆయన జేబులో ఉన్నట్టుంది, పెట్టెలో పద్దెనిమిది ఒక్కటే మిగిలింది.

డిసెంబర్ 6

అగ్గిపెట్టె కోసమైనా వస్తాడనుకున్నాను. ఖరీదైన వస్తువు గదా.

డిసెంబర్ 13

మిషన్ బాగుంది.

డిసెంబర్ 20

మిషన్ బాగుంది. దేవేంద్రప్పన్న అందరితో గొప్పలు చెబుతున్నాడు. బొట్టు మహిమ అట.

డిసెంబర్ 22

పత్తి బండ్లు కాటా దగ్గర నుంచి రోడ్డు దాకా నిలబడ్డాయి. చీటీలు ఆలస్యమైతే రైతులు నన్ను తిడుతున్నారు. కాబట్టి పద్దెనిమిది గుచ్చాను. మా అబ్బాజాన్ రేడియో షాపులో స్క్రూడ్రైవర్ పట్టుకుని పెరిగినదాన్ని, నాకు ఇదొక లెక్క కాదు. కేవలం చీటీల కోసమే. ఇది ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను, ఎందుకంటే రేపు నాకే అనుమానం రావచ్చు.

డిసెంబర్ 23

మధ్యాహ్నం ఆగిపోయింది. దేవేంద్రప్పన్న ఎమ్మిగనూరు సర్వీసు ఆఫీసుకు ఫోన్ చేయించాడు. రేపు పంపుతామన్నారట.

పద్దెనిమిది తీసేసి పన్నెండు పెట్టేశాను. కంపెనీ వస్తువును కెలికానని ఆయన అనుకోకూడదు కదా. అగ్గిపెట్టె సొరుగులో ఉంది. పచ్చ దుపట్టా ఇస్త్రీ చేసుకోవాలి.

డిసెంబర్ 24

వచ్చాడు. ఆయన మీట నొక్కగానే మిషన్ బుద్ధిగా లేచి పనిచేసింది.

"నీ కడుపు సల్లగుండ జమాల్ భాయ్! నువ్వు గడప తొక్కితే సాలు, లేసి కూర్చుంటాది" అన్నాడు బసవన్న.

ఆయన మూత తీసి లోపలికి చూశాడు. చాలాసేపే చూశాడు. ఏదో సర్ది, మూత బిగించి, సర్వీసు కార్డులో "వేడి" అని రాశాడు.

"డిసెంబర్లో వేడా భాయ్?"

"రేకుల గది గదన్నా" అన్నాడు. అన్నాక టీ తాగాడు. రెండోసారి కూడా పోయించుకున్నాడు.

అగ్గిపెట్టె సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. పని హడావిడిలో గుర్తుకు రాలేదు.

1989 జనవరి 11

మిషన్ మళ్లీ ఆగింది. మళ్లీ వచ్చాడు. కార్డులో ఈసారి "దూది దుమ్ము" అని ఉంది. పత్తి మిల్లులో దూది కాక మల్లెపూలు ఎగురుతాయా?

ఈ రోజు పని తక్కువ. గుణకారం పరీక్ష పెట్టి కూర్చున్నాడు. పన్నెండు మీద ఆ పరీక్ష ఎందుకో, అది రోజంతా పెట్టినా జవాబు మారదు. నేను అడగలేదు. కూర్చోవాలనుకున్నవాళ్లను లేపకూడదు.

మాట్లాడాడు. ఆయన భార్య జ్వరంతో పోయి మూడేళ్లయిందట. అప్పటి నుంచి తల్లి మరియంబీ, ఆయన, ఇద్దరే. ఇంటికి పోతే మాటలుండవట. సెలవు రోజున మాధవరం పోయి తుంగభద్ర ఒడ్డున ఊరికే కూర్చుంటాడట.

"ఊరికే కూర్చుని ఏం చేస్తారు?"

"నీళ్లు పోతాంటాయి గదా. సూస్తాంటా."

నాకూ పోవాలనిపించింది. ఇరవయ్యెనిమిదేళ్లొచ్చాయి, ఇంత దగ్గరలో ఉన్న నదిని నేను బస్సు కిటికీలోంచి తప్ప చూడలేదు. ఆ మాట పైకి అనలేదు. ఏమన్నానో తెలుసా? "అక్కడ దోమలుంటాయేమో" అన్నాను. ఛీ, నా నోటికి తాళం పడ.

మిల్లులో అందరూ ఆయన్ని జమాల్ భాయ్ అంటారు. దేవేంద్రప్పన్న సైతం భాయ్ అంటాడు. నేను అనను. "ఇదిగో", "చూడండి", "మిమ్మల్నే" అంటాను. ఆయన కూడా నన్ను పేరు పెట్టి పిలవడు. "మీరు" అంటాడు. గదిలో మేమిద్దరమే ఉంటే పేర్లతో పనేముందిలే.

ఆయన పోయాక ఆ గ్లాసు నేనే కడిగాను. మిల్లు ఊడ్చే ముత్తమ్మ చూసి, "రోజూ నేను కడిగే గ్లాసులకు ఏమొచ్చిందమ్మా?" అంది. ఏమీ రాలేదని చెప్పాను.

ఫిబ్రవరి 3

మళ్లీ గుచ్చాను. చీటీల కోసం.

ఫిబ్రవరి 4

ఎంత నిజాయితీ గల మిషన్! ఎండ ముదరకముందే పడిపోయింది.

ఫిబ్రవరి 6

వచ్చాడు. "వేడి." రెండు గ్లాసుల టీ. పోయేటప్పుడు గుమ్మం దగ్గర నిలబడి ఏదో అనబోయి, "ఫ్యాన్ పెట్టించండి" అన్నాడు. ఇంత దూరం వచ్చి చెప్పవలసిన మాట ఫ్యానేనా?

అయినా ఆ మాటే రాత్రంతా వింటున్నాను.

ఫిబ్రవరి 16

ఈరోజు మిషన్ ఆగలేదు. ఆగి ఉంటే బాగుండేది.

నిన్న సాయంత్రం పద్దెనిమిది గుచ్చాను. పొద్దున్నుంచి పరుగెత్తుతూనే ఉంది. ఎండొచ్చినా పరుగే. నాకు కొంచెం నిరాశ కూడా కలిగింది, నిజం చెప్పొద్దూ. సాయంత్రం తెలిసింది. నొక్కి కట్టిన పత్తి బేళ్ల చీటీల్లో ఒకే నంబరు రెండు బేళ్లకు పడింది. చెక్‌పోస్టులో సరుకుకూ చీటీలకూ పొంతన లేక లారీని నిలబెట్టి వెనక్కి పంపారు. డ్రైవరు వచ్చి దేవేంద్రప్పన్న ముందు చీటీలు విసిరేశాడు.

నవ్వుతూ తప్పు జవాబు చెప్పే మిషన్. దానికే భయపడాలని ఆయన ముందే చెప్పాడు.

దేవేంద్రప్పన్న ఫోనెత్తి కర్నూలు కంపెనీని కడిగేశాడు. "మీ మనిషికి పని రాదు! నెలకోసారి వచ్చి టీ తాగి పోతాండాడు! ఇంకొకసారి ఇట్లయితే డబ్బాను ఆ దుప్పట్లలోనే సుట్టి మీకే పంపిస్తా!"

నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఒక్క మాట అనలేదు. ఆయనకు పని రాదట. మిషన్‌ని పాడుచేసినదాన్ని నేను, మాట పడింది ఆయన.

ఫిబ్రవరి 17

వచ్చాడు. మొహం వాడిపోయి ఉంది. అయినా నవ్వబోయాడు.

"కంపెనీలో గట్టిగా అడిగినారు. అన్ని మిషన్లూ బాగుండి ఇదొక్కటే ఎందుకు నిలబడదని. ఈ ఎండాకాలంలో ఇంకొకసారి ఆగితే నన్ను తీసేస్తారంట."

"మీరేమన్నారు?"

"రేకుల గది అని సెప్పినా." సంచి కింద పెట్టి, "అబద్ధం గాదు గదా" అన్నాడు.

ఇంటికొచ్చి నమాజు చేశాను. ఏం కోరుకోవాలో తెలియక ఊరికే కూర్చున్నాను. ఆయన రావాలని కోరుకుంటే ఆయన ఉద్యోగం పోతుంది. ఆయన ఉద్యోగం ఉండాలంటే ఆయన రాకూడదు. ఇట్లాంటి లెక్కకు కోర్సులో ఎవరూ జవాబు చెప్పలేదు.

ఫిబ్రవరి 24

ఈరోజు నేను మంచి పని చేశాను. చేశాను కాబట్టి సంతోషంగా ఉండాలి.

కంపెనీ మళ్లీ పంపిందట, పొద్దున నుంచి ఆయన పరీక్ష పెట్టి కూర్చున్నాడు. మిషన్ రాయిలాగ నిలబడింది. సాయంత్రం ఆయన మూత బిగిస్తుంటే సొరుగు తీసి అగ్గిపెట్టె ఆయన చేతిలో పెట్టాను.

"ఇది మీరు మర్చిపోయినారు. తీసుకోండి."

ఆయన పెట్టె తెరిచి చూశాడు. మూశాడు.

"మీ దగ్గరే ఉండనీండి అనుకున్నా" అన్నాడు.

"నాకెందుకు? ఇంక మిషన్ ఆగదు. మీకింక శ్రమ ఉండదు."

ఎంత ధైర్యంగా అన్నానో! ఇది నా దగ్గరుంటే మళ్లీ గుచ్చుతాను, గుచ్చితే మీ అన్నం పోతుంది అని లోపల అనుకుంటూ, పైకి నవ్వుతూ అన్నాను.

"శ్రమ" అన్నాడు ఆయన, ఆ మాట ఎక్కడా వినలేదన్నట్టు. అగ్గిపెట్టె చొక్కా జేబులో వేసుకున్నాడు. "అట్లనే కానీండి."

ముత్తమ్మ టీ తెచ్చింది. బస్సు టైమైందని తాగకుండానే వెళ్లిపోయాడు. ఇంకా రెండు బస్సులున్నాయి, నాకు తెలుసు.

అలసిపోయి ఉంటాడు.

మార్చి 10

మిషన్ బాగుంది.

మార్చి 21

మిషన్ బాగుంది. నెలవారీ సర్వీసుకు కూడా ఎవరూ రాలేదు. బాగున్నదానికి సర్వీసెందుకని దేవేంద్రప్పన్న తనే వద్దన్నాడట.

మార్చి 30

బజారులో ఎవరిదో వీపు చూసి రెండు దుకాణాల దాకా వెంటపడ్డాను. బెండకాయలు కొంటున్న ఎవరో ముసలాయన. నన్ను చూసి "ఏంది తల్లీ?" అన్నాడు. బెండకాయలు ఎట్లా ఇచ్చారని అడిగి వచ్చేశాను.

ఏప్రిల్ 12

రంజాన్ రోజాలు మొదలయ్యాయి. ఎండకు నాలుక పిడచగడుతోంది. ఆకలి దప్పులు నాకు కష్టం కాదు, అవి సాయంత్రానికి తీరతాయి.

అమ్మీ పత్తికొండ సంబంధం మాట మళ్లీ తెచ్చింది. టమోటా మండీలో కమీషన్ వ్యాపారం, మంచి మనిషట, నిలకడ గలవాడట. "పండగ అయినాక మాట ఇచ్చేద్దామా బేటీ?" అని అడిగింది.

"నీ ఇష్టం అమ్మీ" అని నవ్వాను.

పడిపోకుండా, నవ్వుతూ. ఆయన చెప్పిన ఆ రెండో రకం మిషన్ నేనే.

ఏప్రిల్ 27

బసవన్న అన్నాడు, "జమీలమ్మా, నీ టీవీ బాగైనప్పటి నుంచి నువ్వు పాడైనావు గదమ్మా" అని. కాటా చూసుకో పో అని కసిరాను. పాపం, ఆయన తప్పేముంది.

మే 12

పండగ అయిపోయింది. షీర్ ఖుర్మా అందరూ బాగుందన్నారు. పత్తికొండ వాళ్లకు వచ్చే శుక్రవారం కబురు పంపాలట.

గుర్తుకొస్తున్నాడు. ఇంకెన్నాళ్లు చీటీలూ దుమ్మూ అని రాసుకోవడం? అమ్మీ ఎటూ చదవలేదు. గుర్తుకొస్తున్నాడు, గుర్తుకొస్తున్నాడు, గ్లాసు రెండు చేతులతో పట్టుకుని ఊదుకుంటూ తాగే ఆ తీరు గుర్తుకొస్తోంది. మిషన్ ఆగిందని నేను ఫోన్ చేయిస్తే వస్తాడు. కానీ మిషన్ ఆగితే ఆయన ఉద్యోగం పోతుంది. ఆగకపోతే ఏమని పిలవను?

మే 18, గురువారం

వరసగా రాస్తాను.

పొద్దున సర్వీసుకు కొత్త మనిషి వచ్చాడు. అయ్యన్న అట, ఎమ్మిగనూరే. నేను లోపలికి వచ్చేసరికే మూత తీసి చూడడం, మళ్లీ బిగించడం అయిపోయాయి. మాటకారి. టీ తాగుతూ అడగనివన్నీ చెప్పాడు.

"మా జమాల్ భాయిని రాయచూరు పొమ్మంటాండారమ్మా. అక్కడి ఆఫీసుకు పెద్దమనిషిని చేస్తారంట. ఈ పొద్దు సాయంత్రం లోపల జవాబు సెప్పాల. నేను తిరిగి పోయినాక సెప్తానన్నాడు."

"మీరు పోయినాకెందుకు?"

"అదే నాకూ తెలీదు. పిచ్చి మనిషి. ఏం సెప్పినాడో తెలుసునా? ఆదోని మిల్లు మిషన్ మూత తీసి, క్రిస్టల్ మీద ఎర్ర సుక్క ఎటుందో సూసి రా అన్నాడు. గోడవైపుంటే ఎవరూ ముట్టుకోలేదని. ఇటు తిరిగుంటే ఎవరో తీసి పెట్టినారని. 'ఇంతకుముందు వచ్చినప్పుడల్లా ఇటే తిరిగి ఉండేది, నేనే గోడవైపు తిప్పి వచ్చేవాణ్ణి' అన్నాడు. సుక్క ఎటుంటే ఏమమ్మా, మిషన్ బాగుంటే సాలదా?"

నేను టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాను.

వచ్చిన ప్రతిసారీ ఆయనకు తెలుసు. తొందరలో నేను పన్నెండు ఎటు పడితే అటు గుచ్చేదాన్ని, తూర్పూ గోడా అన్న మాటే మర్చిపోయాను. ఆయన మూత తీసేవాడు, ఇటు తిరిగిన చుక్కను చూసేవాడు, గోడవైపు తిప్పేవాడు, వేడి అని రాసేవాడు. డిసెంబర్లో వేడి! కంపెనీ నిలదీసినా రేకుల గది అన్నాడే తప్ప నా పేరు చెప్పలేదు. అలాంటివాడి చేతిలో ఆ అగ్గిపెట్టె పెట్టి, మీకింక శ్రమ ఉండదన్నాను. నేను ఆయన ఉద్యోగం కాపాడాననుకున్నాను. ఆయన ఏమనుకుని ఉంటాడు? ఇంక రావద్దని నేను తెగేసి చెప్పాననుకున్నాడు.

"ఎటుంది చుక్క?" అని అడిగాను.

"గోడవైపే. సెప్పినట్టే ఉంది." అయ్యన్న గ్లాసు కింద పెట్టి, సంచి తగిలించుకుని, ఎమ్మిగనూరు బస్సుకని వెళ్లిపోయాడు.

నేను మూత తీశాను. పన్నెండు పీకాను. చుక్క ఇటువైపు తిప్పి గుచ్చాను. మిషన్‌కు ఏమీ తేడా లేదు, లేచి పనిచేసింది. తరువాత దేవేంద్రప్పన్న గదిలోకి పోయి, అడగకుండా ఫోనెత్తి, ఎమ్మిగనూరుకు అర్జెంటు కాల్ అన్నాను.

"మిషన్ ఆగిందా?" అన్నాడు దేవేంద్రప్పన్న అదిరిపడి.

"లేదన్నా."

లైను కలిసేసరికి బసవన్న వచ్చాడు, ముత్తమ్మ చీపురుతో వచ్చింది. ట్రంకు కాల్ అంటే మనిషి నది అవతల ఉన్నట్టు అరవాలి కదా. గొణగదలుచుకున్న మాటలకు ఫోన్ పనికిరాదు. గరగరా చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. ఎక్స్‌ఛేంజీ ఆపరేటరమ్మ మధ్యలోకి వచ్చింది.

"ఆయనకు నీ మాట వినపడదంటమ్మా. నాకు సెప్పు, నేను సెప్తా."

"మిషన్ బాగుందని చెప్పండి!"

"మిషన్ బాగుందంటయ్యా! ... బాగుంటే ఫోన్ ఎందుకంటాండాడమ్మా."

నేను కళ్లు మూసుకున్నాను. ఇంక ఇక్కడ నవ్వుతూ తప్పు జవాబు చెప్పకూడదు.

"ఎర్ర చుక్క ఇటు తిరిగిందని చెప్పండి! నేనే తిప్పినానని చెప్పండి! పన్నెండే ఉంది, మిషన్ ఆగదు, ఆయన ఉద్యోగానికి ఏం కాదు. ఆ పెట్టె నేను తిరిగి ఇచ్చింది ఆయన ఉద్యోగం కోసమే. రావద్దని కాదు! రావద్దని కాదు!"

"ఎర్ర సుక్క తిరిగిందంటయ్యా! ఆ యమ్మే తిప్పిందంట! పెట్టె నీ ఉద్యోగం కోసం ఇచ్చిందంట! రావద్దని గాదంట!" ఆమె గొంతు మెత్తబడింది. "ఏం మాట్లాడటంలేదమ్మా. ఉండు. ... నీ పేరు జమీలానా?"

"ఊ."

"పేరు పెట్టి పిలుస్తాండాడు. 'జమీలా, రేపు వస్తాండా' అంటాండాడు. రెండుసార్లు అన్నాడమ్మా. నేను విన్నా."

లైను తెగింది.

ఫోన్ పెట్టేసి చూస్తే దేవేంద్రప్పన్న గోడ మీది క్యాలెండరు చదువుతున్నాడు. ముత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. బసవన్న మాత్రం ఎప్పటిలాగే ఉన్నాడు. "నేను డిసెంబర్లోనే అడిగినా, వేడి యాడిదని" అన్నాడు.

ఆయన నన్ను పేరుతో పిలిచాడు. మొదటిసారి. ఆ గొంతు నాకు వినపడలేదు. ఎక్స్‌ఛేంజీలో కూర్చున్న ఎవరో తల్లి విన్నది, నేను వినలేదు. రేపు వింటాను.

అమ్మీకి చెప్పాను, పత్తికొండకు కబురు పంపొద్దని. ఎందుకని అడిగింది. ఈసారి నవ్వలేదు. ఏడ్చేశాను. అమ్మీ నా తల మీద చెయ్యి పెట్టి, ఏ ఊరి పిల్లోడని అడిగింది.

మే 19, శుక్రవారం

పొద్దున నుంచి మూడు బస్సులు వచ్చాయి. ఆయన రాలేదు. శుక్రవారం కదా, నమాజు చేసుకుని బయలుదేరతాడు. పచ్చ దుపట్టాకు అప్పుడే దూది అంటుకుంది. మిషన్ ఒక్కసారి కూడా ఆగలేదు.

ఇప్పుడే దేవేంద్రప్పన్న గుమ్మంలో తల పెట్టి, గొంతు పెద్దగా చేసుకుని అడిగి పోయాడు.

"మిషన్ బాగుండాది గదమ్మా, మరి ఆ జమాల్ ఎందుకొస్తాండాడు?"

"పోయినసారి టీ తాగకుండా పోయినాడన్నా" అన్నాను. "తాగేకి వస్తాండాడు."